అరవై ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా

మా తరం వాళ్లలో చాలామందికి సర్టిఫికెట్లో పుట్టినరోజు జూలై ఒకటే ఉంటుంది. బడిలో వేసేటప్పుడు అమ్మకూ నాయనకూ తారీఖు గుర్తుండదు. అయ్యవారు పిల్లాడి ఎత్తు చూసి ఒక సంవత్సరం, చేతికొచ్చిన ఒక తారీఖు రాసేసేవారు. రెండేళ్లు తగ్గించి రాసినా ఎవరూ బాధపడలేదు, ఉద్యోగంలో రెండేళ్ల జీతం కలిసొచ్చింది కదా. అలా తగ్గించినందుకు అయ్యవారిని తిట్టుకునే మనిషిని మాత్రం కర్నూల్లో ఈతకొలను గట్టు మీదే మొదటిసారి చూశాను.

"అసలు నాకు 76 టీచరమ్మా. ఆ అయ్యవారు రెండేళ్లు మింగేసినాడు. లేకుంటే ఈపాటికి నేను 75 గ్రూపులో ఈదుతాంటి" అంటాడు చాచా. పేరు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు కాబట్టి చాచా అనే రాస్తున్నా. కొలను దగ్గర అందరూ పిలిచేదీ అదే.

ఆయన బాధ అర్థం కావాలంటే మాస్టర్స్ ఈత పోటీల సంగతి తెలియాలి. 25 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా వీటిలో పాల్గొనవచ్చు. ఐదేళ్లకొక గ్రూపు: 25–29, 30–34 అలా వందకు పైగా పోతుంది. మీ వయసు పోటీ రోజుకు ఎంత అని చూడరు, ఆ సంవత్సరం డిసెంబర్ 31కి ఎంత అవుతుందో అదే లెక్క. అంటే పుట్టిన నెల, తారీఖు ఏదైనా ఒకటే, సంవత్సరమే ముఖ్యం. 59 ఏళ్ల మనిషి 55 ఏళ్లవాళ్లతో పోటీ పడాలి, గ్రూపులో అందరికంటే పెద్ద. మరుసటి ఏడు జనవరి ఒకటో తారీఖున అదే మనిషి 60–64 గ్రూపులో అందరికంటే చిన్న. ఊళ్లో ఎక్కడైనా వయసడిగితే రెండు తగ్గించి చెప్పే పెద్దమనుషులు ఇక్కడ మాత్రం "వచ్చే ఏడు నాకు 70, చూడు నా తడాఖా" అంటుంటారు. నాకిప్పుడు 59. కాబట్టి నేనూ అదే బాపతు.

నేను లెక్కల టీచర్ని. ఏళ్ల తరబడి బోర్డు ముందు నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మెట్లు తగ్గించమని, బరువు మోకాళ్ల మీద పడకుండా ఈత కొట్టమని చెప్పాడు. చెప్పడం సులభం. మా ఊళ్లో ఆడపిల్లలకు ఈత ఎవరు నేర్పారు? మా అన్నదమ్ములు నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో దూకుతుంటే గట్టు మీద వాళ్ల చొక్కాలకు కాపలా ఉండటమే నా పని.

ఉదయం లేడీస్ బ్యాచ్‌లో చేరాను. అక్కడ కోచ్ ఎవరనుకున్నారు, నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. త్రికోణమితి అంటే వణికిపోయేది. ఇప్పుడు తను గట్టు మీద, నేను నీళ్లలో. "టీచర్, తల పైకెత్తకండి. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. ఎన్నిసార్లు చెప్పాలి?" అని గదిమేది. క్లాసులో నేను వాడిన మాటలే, అదే స్వరంతో. తలకు నూనె రాసుకుని దిగకూడదు, దిగేముందు షవర్ కింద తడవాలి, టోపీ తప్పనిసరి అని నియమాలు. ముడి టోపీలో దూర్చడమే ఒక వ్యాయామం. కాస్ట్యూమ్ గురించి మొదట బాగా టెన్షన్ పడ్డాను కానీ, మోకాళ్ల కింది దాకా వచ్చే రకం దొరుకుతుంది. నీళ్లలో దిగాక ఎవరూ ఎవరినీ చూడరు, అందరికీ ఊపిరి తీసుకోవడమే పెద్ద పని.

వెడల్పు దాటడం, తర్వాత పొడవు దాటడం, ఆ కథంతా ఈత నేర్చుకున్న అందరిదీ ఒకటే. అది వదిలేస్తా. అసలు విషయం నేను జనరల్ బ్యాచ్‌కు మారాక మొదలైంది. అక్కడ చాచా ఉన్నాడు.

చాచా చిన్నప్పుడు కేసీ కెనాల్లో ఈత నేర్చుకున్నాడు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే ఆ కాలువను బ్రిటిష్ కాలంలో పడవలు కూడా నడిచేలా తవ్వారు. కర్నూలు పిల్లలకు అదే ఈతబడి. "వంతెన మీది నుంచి దుముకుతాంటిమి. నీళ్లు ఎదురొస్తాంటే కొట్టుకోకూడదు, అలిసిపోతావు. సందు చూసుకుని పోవాల" అనేవాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఆయన పక్క లేన్లో నేను ఉక్కిరిబిక్కిరై గట్టు పట్టుకునే సరికి, ఆయన వెళ్లి తిరిగి వచ్చేస్తుండేవాడు. చేతులు నాకంటే నెమ్మదిగా ఆడేవి. కాళ్ల దగ్గర నురగే ఉండదు. ఇంత నెమ్మదిగా ఆడే మనిషి ముందుకెలా పోతున్నాడు?

లెక్కల టీచరుకు అనుమానమొస్తే కొలుస్తుంది. 25 మీటర్లకు ఆయన ఎన్ని చేతులు వేస్తున్నాడో లెక్కపెట్టాను: 19. నాకు 31. అంటే ఒక్కో చేతికి ఆయన మీటరు పైన ఒక అడుగు పోతున్నాడు, నేను మీటరు కూడా పోవడం లేదు. బలం తేడానా అంటే కాదు, ఆయన దండలు చూస్తే నా దండలే నయం. తేడా శరీరం పడుకున్న తీరులో ఉంది. ఆయన తల, వీపు, పిరుదులు, మడమలు ఒక్క గీతలో ఉంటాయి. చెయ్యి ముందుకు చాచాక ఒక క్షణం అలాగే జారనిస్తాడు. నా కాళ్లు వెనక కిందికి వేలాడుతూ నీళ్లను మోసుకొస్తున్నాయి. నేను చేసేది ఈత కాదు, కవ్వంతో మజ్జిగ చిలకడం.

నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. నీళ్లు మనల్ని వెనక్కి పట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెండింతలు చేయాలంటే ఆ నిరోధం నాలుగింతలు, పెట్టాల్సిన శక్తి సుమారు ఎనిమిదింతలు. ఇరవై ఏళ్లవాడికి ఆ శక్తి ఉంటుంది, పెడతాడు. అరవై దాటాక గుండె ఎంత కొట్టుకోగలదో దాని గరిష్ఠమే తగ్గుతుంది. కండ కరుగుతుంది, అందులోనూ ఒక్క ఉదుటున లాగే కండపోగులు ముందు పోతాయి. అది ఎవరి చేతిలోనూ లేదు. చేతిలో ఉన్నది నిరోధం తగ్గించుకోవడం ఒక్కటే. పరుగులో ఈ వెసులుబాటు ఇంత ఉండదని నా అభిప్రాయం. ఈతలో ముసలివాళ్లు చేసే అద్భుతాలకు సగం కారణం ఇదే అనుకుంటాను. మాస్టర్స్ ఈతగాళ్ల టైములు చూసిన పరిశోధకులు కూడా, డెబ్బై దాకా వేగం మెల్లగానే తగ్గుతుందని, ఆ తర్వాతే జారుడు ఎక్కువవుతుందని చెబుతారు. చాచా ఆ జారుడులోనే ఉన్నాడు. అయినా నేను అందుకోలేను.

రాష్ట్ర పోటీలకు పేరివ్వమని ఎగదోసింది ఆయనే. దరఖాస్తుతో పాటు పుట్టిన తేదీ రుజువు, ఆధార్ నకలు, డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగారు. నాకు బీపీ మాత్రలున్నాయి కాబట్టి ఈసీజీ తీయించుకున్నా. అరవైకి దగ్గరపడ్డాక పోటీకి దిగేవాళ్లు ఇది మొక్కుబడిగా చేయించుకోకండి, గట్టిగా ఈదే 50 మీటర్లు గుండెకు చిన్న పని కాదు. డాక్టరు సంతకం పెడుతూ "ఈ వయసులో పోటీలెందుకమ్మా" అన్నాడు. "ఈ వయసుకే పెట్టారు సార్" అన్నాను. దరఖాస్తులో మన టైము కూడా రాయాలి. కోచ్ పిల్ల స్టాప్‌వాచ్ పట్టుకుంది, 50 మీటర్లు ఫ్రీస్టైల్ ఒక నిమిషం 12 సెకన్లు వచ్చింది. "రాయండి టీచర్, సిగ్గెందుకు" అంది.

విజయవాడకు రాత్రి బస్సులో బయల్దేరాం: చాచా, ఆయన కొడుకు, బ్యాంకులో పనిచేసే ఇంకో ఈతగాడు, నేను, మా ఆయన. దారిలో మాటలన్నీ గోలి శ్యామల గురించే. విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు, రోజుకింత చొప్పున సముద్రంలో ఈది 2025 జనవరిలో ఒడ్డెక్కింది. వయసు 52. "ఆమె ఇంకా చిన్నపిల్లే" అన్నాడు చాచా.

పోటీ రోజు కొన్ని నియమాలు విని ఆశ్చర్యపోయాను. దిమ్మె మీది నుంచి దూకాలన్న నిర్బంధం లేదు. గట్టు మీది నుంచి దిగవచ్చు, నీళ్లలోనే గోడ పట్టుకుని అక్కడి నుంచి తన్నుకుని మొదలుపెట్టవచ్చు. బటర్‌ఫ్లైలో (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత) కాళ్లు బ్రెస్ట్‌స్ట్రోక్ పద్ధతిలో, అంటే కప్పలా, ఆడించినా ఒప్పుకుంటారు, పెద్దవాళ్ల నడుములు ఆలోచించి పెట్టిన సడలింపు అది. కానీ కొన్నింటిలో ఏ సడలింపూ లేదు. విజిల్‌కు ముందే కదిలితే ఔట్. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి, ఒక చెయ్యి ముందు తగిలితే తొంభై ఏళ్ల మనిషినైనా తీసేస్తారు. సెమీస్, ఫైనల్ అని ఉండవు. టైములను బట్టి హీట్లు, అంటే కలిసి ఈదే బ్యాచ్‌లు, వేసి, అందరి టైములూ కలిపి గ్రూపుల వారీగా స్థానాలిస్తారు. అందుకే ఒకే హీట్‌లో యాభై ఐదేళ్లవాళ్లూ డెబ్బై దాటినవాళ్లూ పక్కపక్క లేన్లలో ఉంటారు.

చాచా 200 మీటర్ల ఫ్రీస్టైల్ నేను గట్టు మీద కూర్చుని రాసుకున్నాను. పక్క లేన్లో ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, మంచి ఛాతీ, ఖరీదైన కళ్లద్దాలు. విజిల్ పడగానే అతను బాణంలా పోయాడు. మొదటి 50 మీటర్లు అతనికి 49 సెకన్లు, చాచాకు 67. చాచా కొడుకు నా పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. రెండో 50: అతనికి 68, చాచాకు 71. మూడో దాంట్లో అతని చేతులు నీళ్ల మీద చాచిన చోటే పడుతున్నాయి, మోచేతులు లేవడం లేదు, 84 పట్టింది. చాచాకు 72. ఆఖరి 50 మీటర్లు మొదలయ్యేటప్పటికి ఇంకా తొమ్మిది సెకన్లు వెనకే ఉన్నాడు. కానీ వేగం మార్చలేదు, ఒక్క చెయ్యి కూడా తొందరపడలేదు. గోడకు ఒక పదిహేను మీటర్ల ముందు దాటేశాడు. ఆయనకు చివరి 50 మీటర్లు 70 సెకన్లు, అతనికి 86. కూడి చూస్తే 4 నిమిషాల 40 సెకన్లు, 4 నిమిషాల 47. గ్రూపులు వేరు కాబట్టి పతకాల్లో దీనికి లెక్క లేదు. చాచా నిచ్చెన ఎక్కి రాగానే అడిగిన మొదటి మాట "ఎంతెంత పడింది? చదువు." నాలుగు అంకెలూ చదివాను. "ఆ 72 బాగలేదు, టర్న్ దగ్గర పోయింది" అన్నాడు.

నా హీట్‌లో పక్క లేను ఆవిడ విశాఖ నుంచి వచ్చింది. వయసు 73. మోకాలికి పట్టీ ఉంటే విప్పి మనవడి చేతికిచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. నాకు ధైర్యం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇద్దరం నీళ్లలోనే గోడ పట్టుకున్నాం. విజిల్ పడింది. గోడ తన్నినప్పుడు ఆమె పాదాలు నా పక్కనే ఉన్నాయి. నేను తల లేపి ఊపిరి తీసుకునే సరికి ఒక శరీరం పొడవు ముందుంది. మూడు చేతులకొకసారి ఊపిరి, ఒకసారి నా వైపు, ఒకసారి అటు. నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖం కనిపించేది. నోరు ఒక పక్క నీళ్లలోనే ఉండేది, ఎంత గాలి కావాలో అంతే తీసుకుంటోంది. పాదాలు అదురుతున్నాయి కానీ తన్నడం లేదు. ఆమెకు 62 సెకన్లు, నాకు 69. మూడు సెకన్లు తగ్గించుకున్నందుకు నేను గంతులేయాలి, కానీ గోడ పట్టుకుని రొప్పుతున్నా.

"ఊపిరి బిగబట్టేస్తున్నావమ్మా. తల నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో వదిలేస్తూ ఉండు. వదిలితేనే కదా కొత్తది వస్తుంది" అందావిడ, తన మామూలు ఊపిరితో. ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగితే, పెళ్లిళ్లయ్యి పిల్లలు వెళ్లిపోయాక, యాభై ఐదో ఏట అంది. ఇంకో రెండేళ్లలో 75 గ్రూపుకి వెళ్తుందట, ఇప్పటి నుంచే బ్యాక్‌స్ట్రోక్ కూడా సాధన చేస్తోందట.

నాకు వెండి పతకం వచ్చింది. మా గ్రూపులో ఆ ఈతకు వచ్చింది ఇద్దరమే. స్టాఫ్ రూములో పూలదండ వేసి ఫొటో తీశారు, నేనూ వద్దనలేదు. కానీ మాస్టర్స్‌లో, ముఖ్యంగా ఆడవాళ్ల గ్రూపుల్లో, పతకం చూసి మురిసిపోకూడదన్నది నా మాట. నిజం చెప్పేది గడియారమే. ఆ గడియారంతోనే ఇంటికొచ్చాక ప్రపంచంలో ముసలివాళ్లు ఎంతలో ఈదారో చూశాను.

ఆస్ట్రేలియాలో జార్జ్ కొరోన్స్ అనే ఆయన 2018 ఫిబ్రవరిలో గోల్డ్ కోస్ట్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 56.12 సెకన్లలో ఈదాడు. అప్పటికి ఆయనకు 99 ఏళ్లు, కానీ ఆ ఏడాది వంద నిండుతాయి కాబట్టి 100–104 గ్రూపు. మన డిసెంబర్ 31 లెక్కే. అంతకు ముందున్న రికార్డు 1 నిమిషం 31.19 సెకన్లు, 35 సెకన్లు కోసేశాడు. నా 69 సెకన్లతో పోలిస్తే నూరేళ్ల మనిషి నాకంటే 13 సెకన్లు ముందు గోడ తాకుతాడు. ఈ సంగతి మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే ఒకడు లేచి "మీరు ఓడిపోయారు టీచర్" అన్నాడు, తీసివేత సరిగ్గానే చేశాడు.

కెనడాలో బెట్టీ బ్రసెల్ కూడా 99 ఏళ్ల వయసులోనే 2024 జనవరిలో ఒకే రోజు మూడు ప్రపంచ రికార్డులు కొట్టింది. అందులో 400 మీటర్ల ఫ్రీస్టైల్ 12 నిమిషాల 50 సెకన్లు, పాతదానికంటే దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ. ఆమె పోటీలకు దిగిందే అరవైల్లో. నాకు అందరికంటే దగ్గరగా అనిపించింది మాత్రం జపాన్ ఆవిడ మియెకో నగవోకా. ఆమెను కొలనుకు పంపింది కూడా మోకాలే, అదీ ఎనభైల్లో. నూరేళ్లు నిండాక, 2015లో, మత్సుయామాలో 25 మీటర్ల కొలనులో 1500 మీటర్లు ఆగకుండా పూర్తి చేసింది. అంటే 60 పొడవులు. వెల్లకిలా ఈదుతూ గంటా 15 నిమిషాల 54 సెకన్లు. ఫ్రీస్టైల్ అంటే ఏ ఈతైనా ఈదవచ్చు, కాబట్టి వెల్లకిలా ఈదినా తప్పు కాదు. ఆ వయసులో 1500 పూర్తి చేసినవాళ్లు అంతకు ముందు లేరు.

ఈ పేర్లు చాచాకు చదివి వినిపించాను. కొరోన్స్ దగ్గర ఆగమన్నాడు. "ఆయనకు ఇంట్లో వాళ్లు సర్టిఫికెట్ కరెక్టుగా రాయించినారు, అదృష్టవంతుడు" అన్నాడు.

ఇప్పుడు మా దృష్టి రిలే మీద ఉంది. రిలేలో నలుగురి వయసులూ కూడి గ్రూపు కడతారు: 200 నుంచి 239, 240 నుంచి 279, అలా. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లతో మిక్స్‌డ్ రిలే ఉంటుంది, తలా 50 మీటర్లు. వచ్చే ఏడు సర్టిఫికెట్ ప్రకారం చాచాకు 75, బ్యాంకు ఆయనకు 58, నాకు 60. మొత్తం 193. నాలుగో మనిషి 46 లోపు ఉంటే మేం 200 గ్రూపులో యాభై ఏళ్లవాళ్ల చేతిలో పడతాం. 47 నిండితే 240లోకి పోతాం, అక్కడ మేమే చిన్నవాళ్లం. కాబట్టి కర్నూల్లో మాకు 47 నిండిన, ఆగకుండా 50 మీటర్లు ఈదగల ఆడమనిషి కావాలి. చెప్పినంత తేలిక కాదు. స్టాఫ్ రూములో అడిగాను, కాలనీలో అడిగాను. ఒకావిడకు ఈత వచ్చు కానీ 44, ఇంకొకావిడకు 51 కానీ షాంపూ వాసన తప్ప నీళ్లతో పరిచయం లేదు.

చివరికి కోచ్ పిల్ల వాళ్లమ్మనే పట్టుకొచ్చింది. పేరెంట్స్ మీటింగుల్లో నాకు తెలిసిన మనిషే, కూతురి లెక్కల మార్కులకు అప్పట్లో నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రస్తుతం లోతు తక్కువ వైపు గట్టు పట్టుకుని ముఖం ముంచి బుడగలు వదులుతోంది. "టీచర్, నావల్ల కాదు టీచర్" అంటోంది. వచ్చే ఏడు ఆమెకు 49. నేను అప్పుడే కూడేశాను, 242.